కంప్యూటర్ పరేషాన్ అయింది

రేగొండ, బుధవారం రాత్రి

రాత మంచిగ లేదు, తప్పులు గూడ ఉంటయి. ఎవరన్న చదివితే ఏమనుకోవద్దు.

కోడలు స్వరూప వాళ్లమ్మకు బాగలేదని మానుకోట దవాఖానకు పోయింది. పెండ్లి కార్డుల దుకాణం నన్ను చూడమన్నది. రేపు పొద్దున టేకుమట్ల పెండ్లోళ్లు వస్తరు. వాళ్ల కార్డు కంప్యూటర్ల ఉన్నది. నిన్న కంప్యూటర్ బయోస్ అప్‌డేట్ అని ఏందో అడిగితే కోడలే చేసి పోయింది. ఇయ్యాల తెరిస్తే నల్ల తెర మీద తెల్లక్షరాలు వచ్చి ఆగినయి.

ఫోన్ చేసిన. “ఆఖరుకు ఏం రాసున్నదో చదువుర్రి మామా” అన్నది. నాకు ఇంగ్లీషు కూడబలుక్కునుడే. ఒక్కొక్క అక్షరం చెప్పిన. కె, ఇ, ఆర్, ఎన్, ఇ, ఎల్. ఎన్క పి, ఏ, ఎన్, ఐ, సి. మిగిలింది గూడ గట్లనే చెప్పిన.

“కెర్నల్ పానిక్ మామా. అంటే కంప్యూటర్ పరేషాన్ అయింది” అని చిన్నగ నవ్వింది. “డిస్కు ఆడనే ఉన్నది గని దానికి దొరుకుతలేదు. అప్‌డేట్ చేసినప్పుడు సెట్టింగు మారినట్టుంది. కెర్నల్ అంటే కంప్యూటర్‌ను నడిపేది. బంద్ చేసి తెరిస్తే వరుసలు వస్తయి, రెండో వరుసల పాత కెర్నల్ ఉంటది, అది ఒత్తుర్రి.”

ఒత్తిన. మళ్ల గదే మాట.

“తెలిసినోళ్లను అడిగి ఫోన్ చేస్త. మీరు పరేషాన్ గాకుర్రి మామా.”

“నాకేంది బిడ్డా” అన్న.

అబద్ధమే. బువ్వ గూడ సరిగ తినలే. పెండ్లోళ్లకు ఏం చెప్పాలె? నలుగురిల మాట్లాడుడు నాతోని కాదు. మళ్ల ఫోన్ చేద్దామంటే ఆమె వాళ్లమ్మ మంచం కాడ ఉన్నది. కంప్యూటరే నయం, పరేషాన్ అయితే తెర మీద రాసి చెప్తది. నేను గీ నోటుబుక్కుల రాస్కుంటున్న.

జర జల్ది ఫోన్ చెయ్యి బిడ్డా.