ఫారంలో రెండు పిండాలు

చిన్నమ్మా,

నువ్వు చదవవని తెలిసే రాస్తున్నాను. ఈ రోజు నీ సంవత్సరీకం. పొద్దున చిన్నాయన నీకు పిండం పెట్టాడు. అందరూ అలసిపోయాక కాకి ముట్టింది. మధ్యాహ్నం నానక్‌రామ్‌గూడలో షేర్ ఆటో ఎక్కి చిన్నాయనా నేనూ కలిసి నువ్వు మూడేళ్ళు తిరిగిన సంతాన సాఫల్య కేంద్రానికి వెళ్ళాం. అక్కడ ఫ్రీజ్ చేసి దాచినవాటిని ఏం చేయాలో తేల్చమని వాళ్ళు ఫోన్ చేస్తూనే ఉన్నారు.

ఫారం తెలుగులోనే ఉంది. నేను పైకి చదివాను. "భద్రపరచిన పిండాలు: రెండు."

"పొద్దున పెట్టినం గద బిడ్డా. ఇంక రెండేంది?" అన్నాడు చిన్నాయన.

పోయినవాళ్ళకూ పుట్టనివాళ్ళకూ మనకు ఒకటే మాట ఉందని నాకప్పుడే తట్టింది. ఎప్పుడూ నిఘంటువు తిరగేసే నాకు ఇంకో మాట దొరకలేదు.

"అవి కావు చిన్నాయనా. నీకు, చిన్నమ్మకు పిల్లలు కావాల్సినవి."

ఆయన ఫారం దగ్గరికి జరుపుకున్నాడు. ఇంకా దాచాలా, తీసేయాలా, పరిశోధనకు ఇవ్వాలా అని ఫారం అడుగుతోంది.

"పరిశోధనంటే?"

"కొందరికి కడుపుల ఎందుకు నిలుస్తలేవో చూస్తరు. ఇప్పుడు దానిమీద మస్తు పని నడుస్తుంది."

"మీ చిన్నమ్మ డాక్టరమ్మను మూడుసార్లు గదే అడిగింది. తెల్వదన్నది."

పరిశోధన దగ్గర టిక్కు పెట్టించుకుని సంతకం చేశాడు. ఫారం ఇస్తూ కౌంటర్‌లోని అమ్మాయితో అన్నాడు.

"ఎందుకో తెలిస్తే జర మాకు గూడ ఫోన్ చెయ్యమ్మా."