కట్టుడు పళ్ళు దొరికాయి

బావగారూ, ఎగిరి గంతెయ్యండి!

రైల్లో మీరు పారేసుకున్న కట్టుడు పళ్ళు మా స్టేషన్లో, పోయిన వస్తువుల గదిలోనే ఉన్నాయి. మా గుమాస్తా మహాశయుడు సిగ్గుపడి "నోటి సామాను" అని కంప్యూటర్లో ఎక్కించాడు. అందులో వెతికే పాత పద్ధతిలో మాటకు మాట సరిపోతేనే పలికేది. "కట్టుడు పళ్ళు" అని ఎన్నిసార్లు కొట్టినా లేదు పొమ్మంది. కొత్తగా పెట్టిన వెతికే పద్ధతికి మన మాటల్లో భావం తెలుస్తుందట. దాన్ని ఏడిపిద్దామని, "ఇవి లేక మా బావ రొట్టె పాలలో నానేసుకుంటున్నాడు, తిట్టబోతే గాలొస్తోంది" అని కొట్టాను. టక్కున చూపించింది!

ఆదివారం మీ రిటైర్మెంటు సభలో ఉపన్యాసం దంచెయ్యొచ్చు. కానీ సొంతదారే వచ్చి సంతకం పెట్టి తీసుకెళ్ళాలి. అందుకే అక్క చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. ఆవిడేమో "సోమవారం ఇస్తాలేరా, ఇల్లు ప్రశాంతంగా ఉంది" అంటోంది.

ఇది ఆదివారంలోపు మీకందితే, అక్కకి మీరంటే ప్రాణమన్నమాట!

మీ బావమరిది