ఓబులేసుకు పెట్టని బీడీ

ఆత్మకూరు,
భాద్రపద మాసం.

చిరంజీవి అయ్యన్నను మీ అమ్మ దీవించి రాయడం. ఇక్కడ నేను, మీ నాయన, ఎనుము క్షేమం. డోన్‌లో నువ్వు వేళకు తింటున్నావని తెలిసి మనసు కుదుటపడింది.

బీడీ మానినానని రాసినావు. సంతోషం. నాయన ఎట్లా మానినాడని అడిగినావు. వేయించిన వాము పంచె మడతలో పెట్టుకొని, మనసు బీడీ మీదికి పోయినప్పుడల్లా చిటికెడు నోట్లో వేసుకునేవాడు. అది సగమే. మిగతా సగం వీధి చేసింది. మానినానని అందరికీ చెప్పుకున్నాడు కదా, పక్కింటి జమీలాబీ వదలలేదు. "ఏమన్నా, దొడ్లో పొగ వస్తాండాది. తాగేది నువ్వా, మీ ఎనుమా?" అని నలుగురిలో అడిగేది. సిగ్గుకే మానినాడు. నువ్వు కూడా రైలు షెడ్డులో అందరికీ చెప్పు. నీతో పనిచేసే పీర్ బాషాకు, నీకు అగ్గిపెట్టె ఇయ్యొద్దని నేను అడిగినట్లు చెప్పు.

పెద్దల అమావాస్యకు సెలవు అడగమంటావా అని రాసినావు. వేసవిలో పోయిన మీ అన్న ఓబులేసుకు ఇదే మొదటి పెద్దల అమావాస్య. మీ పెదనాయన పెద్ద ఈరన్న వచ్చి కూర్చున్నాడు.

"ఓబులేసుకు బీడీ అంటే పానం. వానికి కూడు పెట్టే ఆకు ముందర బీడీ పెట్టల్ల. తమ్ముడే నోట్లో పెట్టుకొని అంటిచ్చల్ల" అన్నాడు.

"ఆ పొగే గదా బావా, వాని రొమ్ము తినింది?"

"సచ్చినోని నోరు కడతావా గిడ్డమ్మా?"

"బతికినోని నోరు కాపాడుకుంటాండా. అంటిచ్చేది నేనే, పో" అన్నాను.

అన్నాక బీడీ కట్ట తెప్పించినాను. అలవాటు లేని నోరు కదా అని ఒకటి అంటించి చూసినాను. దగ్గు వచ్చింది. దాని వెనకనే మీ అన్న చొక్కా వాసన వచ్చింది. వాని చొక్కాలన్నీ ఉతికి ఇచ్చేసినాము. ఆ వాసన మళ్లీ దొరుకుతుందనుకోలేదు. మర్నాడు ఇంకొకటి అంటించినాను. ఆ తర్వాత రోజూ. మీ నాయనకు తెలియకుండా ఉండదు. పొద్దున లేస్తూనే చెయ్యి దాని కోసమే పోతున్నది. నిన్ను మానమని చెప్పే నేనే ఇట్లా అయినాను.

ఈ పొద్దు కట్ట పొయ్యిలో వేసినాను. ఆకులో కూడు, కూర, పాయసం ఉంటాయి, బీడీ ఉండదని పెద్ద ఈరన్న బావకు కబురు పంపినాను. కోపంతో ఆయన రాకపోవచ్చు. నువ్వు రా. వాని ఆకు ముందర కూర్చున్నప్పుడు మనిద్దరికీ ప్రాణం బీడీ మీదికి లాగుతుంది. నా చెయ్యి నువ్వు పట్టుకో, నీ చెయ్యి నేను పట్టుకుంటాను.

ఇట్లు,
నీ రాకకు ఎదురుచూసే మీ అమ్మ
గిడ్డమ్మ