నీళ్ళు మోసే సాయిబు

1897 నవంబరు 3, బుధవారం

మండపేటలో పగలంతా పరుపులకి దూది ఏకాను. సాయంత్రం మా దూదేకులవాళ్ళని కూర్చోబెట్టి దీన్ మాటలు, అంటే మా మతం సంగతులు, చెప్పాను. ప్రవక్త తన చెప్పులు తానే కుట్టుకునేవారని, ఇంటి పనిలో ఆడవాళ్ళకి సాయపడేవారని చెబితే ఒక ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. లెక్చరు బాగా కుదిరింది. తర్వాత నమాజులో కూడా అదే గుర్తొచ్చింది.

నవంబరు 7

మా ఆవిడ మదారమ్మకి మోకాలు వాచింది. కాలవకి వెళ్ళి నీళ్ళు తేలేనంది. పక్కింటావిడని అడుగుదామన్నాను. మండపేటలో చెప్పిన మాట మనింటికి వర్తించదేంటండీ అంది. ఆ లెక్చరు సంగతి గొప్పగా చెప్పుకున్నది నేనే. ఎదుటివాళ్ళకి చెప్పేటందుకే నీతులన్నట్టుంది నా పని. సిగ్గేసి బిందె తీశాను.

నవంబరు 8, ఉదయం ఆరు

భుజాన బిందెతో రేవు ఎక్కుతుంటే ఆడవాళ్ళు మాటలాపి చూశారు. వల బాగుచేసుకుంటున్న లోవరాజు, రేపట్నుంచి వంట కూడా మీదేనాండీ సాయిబు గారూ అన్నాడు. నేనూ నవ్వాను గానీ లోపల మండింది. సగం నీళ్ళు చొక్కా మీదే ఒలికాయి.

నవంబరు 12, శుక్రవారం

ప్రతి శుక్రవారం మా అరుగు మీద ఇరవైమంది కూర్చుని వినేవారు. ఇవాళ నలుగురే. మా కులపెద్ద బుడే సాహెబు గారు పక్కకి పిలిచి, బిందె మోసేవాడి మాట మగాళ్ళు వినరయ్యా, అదైనా మానుకో, ఇదైనా మానుకో అన్నారు. పదేళ్ళుగా చెబుతున్నాను. ఇది పోతే నాకేం మిగులుతుంది? అన్నం సయించలేదు.

నవంబరు 13

మోశాను.

నవంబరు 19, శుక్రవారం

ఆ చెప్పుల సంగతి ఇంక ఎత్తకూడదనే అనుకున్నాను. నోరు తెరిస్తే అదే వచ్చింది. బుడే సాహెబు గారు లేచి వెళ్ళిపోయారు. ఆయన వెనకే ఇద్దరు. మిగిలినవాడికి చెవుడు.

చాలించబోతుంటే తడిక అవతల గాజుల చప్పుడైంది. పదిహేనుమంది ఆడవాళ్ళు. ఇంకోసారి నిదానంగా చెప్పండి, ఇంటికెళ్ళి మావాళ్ళకి అప్పజెప్పాలి అన్నారు. మదారమ్మ కుంటుకుంటూ వచ్చి వాళ్ళ ముందు కూర్చుంది. పదేళ్ళలో నా మాట వినడానికి ఆవిడ కూర్చోవడం ఇదే మొదలు. మొదటి నుంచి మళ్ళీ ఎత్తుకున్నాను.

ఇవాళ నమాజులో లెక్చరు గుర్తు రాలేదు. చాలా హాయిగా ఉంది.

నవంబరు 27

మోకాలు తగ్గింది. బిందె ఇమ్మంది. ఇవ్వలేదు.