నీడ గడియారం అడుగున పేరు

కర్నూలు
ఉచ్చీరప్పగారికి నమస్కారం.

మా మ్యూజియంలో ఆదోని ఇత్తడి నీడ గడియారం ఒకటి ఉంది. దగ్గర దగ్గర ఎనభై ఏళ్ళ నాటిది. పళ్ళెం మీద గంటల గీతలు, మధ్యలో నీడ పడేందుకు నిలబెట్టిన రేకు, అడుగున ‘పద్మమ్మ, ఆదోని’ అని చెక్కిన పేరు. ఆ రోజుల్లో ఒక స్త్రీ దీన్ని తయారుచేసిందని మేమంతా పొంగిపోయాం. ఆమె మీ నాయనమ్మ అని విన్నాం. వచ్చే నెల ప్రదర్శన. పలక మీద రాయడానికి వివరాలు పంపండి.

ఇట్లు,
శ్వేత, మ్యూజియం అధికారి

తా.క. మీ అంగడికి మూడుసార్లు ఫోన్ చేశాను. సుత్తి చప్పుళ్ళ మధ్య ఎవరో “బిందెలు అయిపోయినాయి” అని పెట్టేశారు. అందుకే ఈ ఉత్తరం.

ఆదోని
శ్వేతమ్మగారికి కంచరి ఉచ్చీరప్ప నమస్కారాలు.

ఇక్కడ అందరం కుశలం, మా తాత పరువు తప్ప. అమ్మా, బిందె మీద ఎవరి పేరుంటే బిందె వాళ్ళది. అంతమాత్రాన దాన్ని చేసింది వాళ్ళేనా? చేసినవాడి పేరు మేము ఎక్కడా కొట్టం, అది మా పని మర్యాద. ఆ గడియారం చేసింది మా తాత భీమప్ప. వేళకు వంట చేయమని నాయనమ్మకు ఇచ్చాడని మా ఇంట్లో అందరూ చెప్పుకుంటారు. నాకు అరవై ఏళ్ళు. తాత పేరు మీ పలక మీద చూడాలని ఒకటే ఆశ.

ఇట్లు,
భీమప్ప మనుమడు ఉచ్చీరప్ప

తా.క. మీ ఉత్తరంతో వచ్చిన ఫోటో చూశాను. గడియారాన్ని ట్యూబులైటు కింద పెట్టారు. సూర్యుడు లోపలికి రావాలంటే టికెట్ ఎంత?

కర్నూలు
ఉచ్చీరప్పగారికి నమస్కారం.

మీ ఉత్తరం కమిటీ ముందు చదివాను. పద్మమ్మగారు చేయలేదని ఒప్పుకుని ఆ పేరు తీసేశారు. భీమప్పగారు చేశారనడానికి ఆధారం లేదని ఆ పేరూ రాయలేదు. వంట వేళ కోసం ఇచ్చిన వస్తువు కనుక వంటసామాను గదికి మార్చారు. ప్రస్తుతం ఇడ్లీ పాత్రకూ జంతికల గొట్టానికీ మధ్య ఉంది. నాకూ బాధగానే ఉంది. ఆధారం ఉంటే త్వరగా పంపండి.

ఇట్లు,
శ్వేత

తా.క. ట్యూబులైటు కింద అది ఎప్పుడూ పదిన్నరే చూపించేది. మా ఆఫీసులో అందరూ వచ్చే వేళ అదే కాబట్టి ఎవరూ తప్పుపట్టలేదు.

ఆదోని
శ్వేతమ్మా,

ఆధారం కోసం ఎమ్మిగనూరులో మా మేనత్త దానమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమెకు తొంభై ఏళ్ళు. గడియారం అడుగున అక్షరాలు తాత చేతివేనని మీకు చూపిద్దామని, ఆయన ఊరివాళ్ళ పేర్లు కొట్టిన పాత చెంబులు అడిగాను. అత్త నవ్వింది.

“మా నాయనకు రాత యాడొస్తాదిరా? సెంబుల మీద పేర్లన్నీ కొట్టింది మాయమ్మే. ఏడాది పొడుగునా మిద్దె మీద నీడ సూసి సున్నంతో గీతలు గీసింది. సున్నం గిన్నె పట్టుకొనింది నేనే. ఆ గీతలే పళ్ళెం మీద కొట్టింది. మా నాయన పళ్ళెం సాగగొట్టి ఇచ్చినాడు, అంతే.”

ఊరందరి పేర్లూ చెక్కిన మనిషి తన పేరు ఒక్కసారే చెక్కుకుంది. దాన్ని తీసేయించింది నేను. సిగ్గుతో తల ఎత్తలేకపోతున్నాను. అత్త మాటలు రాయించి, వేలిముద్ర వేయించి పంపుతున్నాను. తాత పేరు వద్దు. మీరు మొదట అనుకున్న పేరే పెట్టండి.

ఇట్లు,
పద్మమ్మ మనుమడు ఉచ్చీరప్ప

తా.క. ఇన్నేళ్ళూ ఈ మాట ఎందుకు చెప్పలేదని అత్తను అడిగాను. “మీరు ఎప్పుడన్నా అడిగినారా?” అనింది.