మూడంగుళాల ఎత్తు

అత్తిమంజేరిపేట,
4-7-1982

పెరియపాళయంలో బావ మీద పెత్తనం చేస్తా సుఖంగా ఉండే మా కాంచనక్కకు,

బి.ఎస్సీ. ఫిజిక్సు రెండో తరగతిలో గట్టెక్కి, ప్రస్తుతం వంకాయ గంపలు మోస్తా ఉండే నీ తమ్ముడు చేతులు కట్టుకొని రాసుకునేది. ఇంట్లో మనుషులందరూ క్షేమం. బండి మాత్రం క్షేమం కాదు.

మన తోట దోవలో ట్రాక్టర్లు తిరిగి తిరిగి రెండు పక్కలా గాడి పడింది, నడిమి గడ్డ లేచి నిలబడింది. మన పికప్పు కడుపు దానికి రాసుకుంటా ఉంది. ఇంజను కింద ఆయిలు తొట్టి ఇప్పటికి రెండుసార్లు పగిలింది. ఇంకొకసారి పగిలితే ఇంజనే పోతాదని తిరువళ్ళూరు మెకానిక్కు సుందరరాజ్ తీర్పు చెప్పినాడు. ఆయన ఎప్పుడూ బండి కింద నుంచే మాట్లాడతాడు కాబట్టి అశరీరవాణి అనుకోవాల.

"తంబీ, వెనక కమాను పట్టీలు పెంచితే ముక్కు ఇంకా కిందికి దిగతాది. ముందర మాత్రం రెండంగుళాలు లేపితే బండి మట్టంగా నిలబడతాది. నాలుగు పక్కలా మూడంగుళాలు లేపితే గడ్డ మీద దొరలా పోతాది. వెనక చక్రాలు మాత్రం లాగే బండి ఇది, ముందర ఎత్తేది సులువే. ఏది చెయ్యమంటారు?"

నాయన నా తట్టు తిరిగి, "చదివినోడివి, నువ్వే చెప్పు" అన్నాడు.

పరీక్షల్లో కూడా నాకంత చెమట పట్టలేదు. ఎందుకంటే నాకొక సంగతి తెలుసు. నాకు తెలుసని నాయనకు తెలీదు. ఏడాదిగా ఆయన కుడి మోకాలు సరిగా వంగదు. పొద్దున్నే ఎవరూ లేనప్పుడు బండి దగ్గరికి పోయి, రెండు చేతుల్తో తొడ పట్టుకొని, ఎవరి కాలో అరువు తెచ్చుకున్నట్టు లోపల ఎత్తి పెట్టుకుంటాడు. ఎక్కినాక ఇబ్బంది లేదు. తిరుత్తణి మార్కెట్టులో మాత్రం దిగడు, బేరమంతా కిటికీలోంచే. "ఏకాంబరానికి పొగరు" అంటారు జనం. పొగరనుకుంటే చాలు ఆయనకు.

ముందర రెండంగుళాలు లేచినా ఆయన ఎక్కలేడు. ఆలోచించి చెప్తానని తప్పించుకున్నాను. నువ్వు సలహా రాయి. బావను అడగొద్దు, కొత్త బండి కొనమంటాడు.

నీ తెలివి తక్కువ, చదువు ఎక్కువ తమ్ముడు,
ఇంద్రసేన

అత్తిమంజేరిపేట,
15-7-1982

నా బంగారు అక్కకు,

"ఉన్నది చెప్పెయ్" అని ఒక్క ముక్కలో రాసి పంపినావు. పెరియపాళయం నుంచి చెప్పేది సులువే. ఈడ నాయన మీసం ముందర నిలబడి చెప్పు చూద్దాం.

అందుకని అబద్ధం చెప్పినాను. షెడ్డులో సుందరరాజ్ ముందరే, గొంతు సవరించుకొని, "ఎత్తితే గరిమనాభి పైకి పోయి మలుపులో బండి బోర్లా పడతాది నాయనా" అన్నాను.

"మూడంగుళాలకా? మీ కాలేజీలో ఎన్ని బండ్లు పడినాయిరా?"

బండి కింద అశరీరవాణి దగ్గింది.

ఇప్పుడు అసలు సంగతి. నవ్వుతా రాయాలని చూసినాను, చేత కాలేదు. ఆవడిలో ఒక ఫ్యాక్టరీ నుంచి నాకు ఉద్యోగం ఆర్డరు వచ్చింది. ఆగస్టు రెండున చేరాల. కవరు దాచిపెట్టినాను. బండి నడిపేది ఇంట్లో ఇద్దరమే. బండి లేస్తే నాయన ఎక్కలేడు, స్టీరింగు నాకు వస్తాది, ఆవడి పోతాది. లేవకపోతే ఇంజను పోతాది, ఇంటికి కూడు పోతాది. వద్దు వద్దని నేను అడ్డం పడింది నాయన కాలు కోసమా, నా ఉద్యోగం కోసమా? నాకే తెలీదక్కా. గరిమనాభి కనుక్కునే దానికి సూత్రముంది. దీనికి లేదు.

ఏమీ తోచని నీ
ఇంద్రసేన

ఆవడి,
3-8-1982

అమ్మ తర్వాత అమ్మవైన అక్కకు,

అవును, ఆవడి నుంచే.

నేను తోటలో కాయ కోయిస్తా ఉండిన రోజున నాయన ఒక్కడే తిరువళ్ళూరు పోయి నాలుగు పక్కలా మూడంగుళాలు లేపించుకొని వచ్చేసినాడు. తిరిగి రావడానికి సుందరరాజే ఆయన్ని ఎత్తి సీట్లో కూర్చోబెట్టినాడంట. నాకు ఒళ్ళు మండింది. "ఇంక ఎవరు నడిపేది నాయనా?" అని అరిచినాను.

జవాబు అమ్మ చెప్పింది. పోస్టుమేను నాగలింగం మామ ఆ కవరు సంగతి అప్పుడే నాయన చెవిన వేసినాడంట. "నా కాలు సంగతి వాడు కనిపెట్టేసినాడే. బండి ఎత్తకపోతే వాడు నా కాలుకు కాపలా కాసుకుంటా ఈడే ఉండిపోతాడే" అన్నాడంట నాయన.

ఆదివారం నన్ను రైలెక్కించే దానికి ఆ బండిలోనే తెచ్చినారు. అమ్మ కూడా వచ్చింది, ఒళ్ళో పీట పెట్టుకొని. మార్కెట్టు నడుమ నాయన బండి ఆపి, కిటికీలోంచి కాదు, తలుపు బార్లా తీసి, అందరూ వినేటట్టు అమ్మను పేరు పెట్టి పిలిచినాడు.

"కుప్పా! పీట ఎయ్యి."

గంపలు దించే దండపాణి నోరు తెరిచినాడు. "ఏమన్నా, పెండ్లిపీటా?"

"ఔను, రెండో పెండ్లి. నువ్వు మేళం పట్టుకో పో" అనింది అమ్మ.

ఆయన ఆమె భుజం పట్టుకొని దిగినాడు. మార్కెట్టంతా చూసింది. ఏడాదిగా దాచుకున్న కాలిని అందరి ముందరా నేల మీద పెట్టి, వంకాయ బేరం చేసినాడు. మళ్ళీ ఎక్కేటప్పుడు పట్టుకుందామని నేను చేతులు చాచినాను.

"నీకు రైలు టైమైంది, పో" అన్నాడు.

పోయినాను అక్కా. స్టేషను దాకా ఆ చేతుల్ని ఏం చేసుకోవాలో తెలీలేదు.

ఇంద్రసేన