బండలు పిలిచిన పేరు

హేబ్సిబా వదినకు,

అందరం క్షేమంగా తిరిగి బీదర్ చేరాం, ముందు ఆ మాట. మోకాళ్ల నొప్పులున్న మామయ్యను ఏటి లోయ పార్కుకు తీసుకెళ్లానని మీకు కోపం వచ్చిందట. ఫోన్లో చెబితే అత్తమ్మ వింటుంది, అందుకే రాస్తున్నాను.

లోయ అంచున దుప్పటి పరిచి బగారన్నం డబ్బా విప్పేసరికి మామయ్య కనిపించలేదు. పడవలు చూడ్డానికి మెట్లు దిగిపోతున్నారు. కింది మెట్లు నాచు పట్టి ఉన్నాయి. అత్తమ్మ కంగారుగా లేచి, ఇంట్లో పిలిచినట్టే "ఏమయ్యో!" అని అరిచింది. మెట్ల మీదున్న మగాళ్లంతా తలెత్తి చూశారు, ఒక్క మామయ్య తప్ప.

అప్పుడు, పెళ్లయిన నాటి నుంచి భర్త పేరు నోట పలకని ఆ మనిషి, రెయిలింగు పట్టుకుని "సమూయేలూ!" అని గొంతెత్తింది. అవతలి బండ కూడా అదే పేరు పిలిచింది. దాని వెనక ఇంకో బండ.

మామయ్య ఆగి, మెల్లగా ఎక్కి వచ్చారు. ముఖం వెలిగిపోతోంది.

"నన్నెవలో పిలిచిన్రు గదా?"

"నేనైతే పిలువలే. ఆ బండలు పిలిచినయ్. కూసొని తిను," అంది అత్తమ్మ, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని.

మోకాళ్లకేమీ కాలేదు వదినా. వచ్చే శనివారం మళ్లీ పోదామంటున్నారు మామయ్య. మీరు సరేనంటేనే తీసుకెళ్తాను. ఈసారి మెట్లు దిగొద్దని ఇప్పుడే గట్టిగా చెప్పాను.

"దిగకపోతే ఆ బండలెట్ల పిలుస్తయమ్మా?" అన్నారు.

మీ మరదలు